రైతు బీమా: నామినీ వివరాలు సరిగా ఉన్నాయా?

తెలంగాణ ప్రభుత్వం రైతు బీమా పథకాన్ని 2018 ఆగస్టు 14 నుంచి ఎల్‌ఐసీ ద్వారా అమలు చేస్తోంది. పథకంలో నమోదైన రైతు ఏ కారణంతో మరణించినా నామినీ ఖాతాలో రూ. 5 లక్షలు జమవుతాయి. సహజ మరణం, అనారోగ్యం, ప్రమాదం అనే తేడా లేదు. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కడుతుంది, రైతు పైసా చెల్లించనక్కరలేదు.

ఎవరు అర్హులు?

• సొంత పేరున పట్టా ఉన్న రైతులు, అటవీ హక్కు పత్రాలు ఉన్న గిరిజన రైతులు. ఒక్క గుంట భూమి ఉన్నా సరిపోతుంది.
• ఆగస్టు 14 నాటికి వయసు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండాలి. ఆధార్‌లోని పుట్టిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు.
• రెండు మూడు ఊళ్లలో భూమి ఉన్నా ఒకేచోట నమోదు చేసుకోవాలి.
• కౌలు రైతులకు ఈ పథకం వర్తించదు.

ఇప్పుడే చూసుకోవలసినవి

బీమా సంవత్సరం ఆగస్టు 14న మొదలై మరుసటి ఏడు ఆగస్టు 13తో ముగుస్తుంది. కొత్తగా పట్టా వచ్చినవారు నమోదు గడువులోపే ఏఈవోకు దరఖాస్తు, పాసుపుస్తకం, రైతు ఆధార్, నామినీ ఆధార్ నకళ్లు ఇవ్వాలి. గడువు దాటితే మరో ఏడాది ఆగాల్సిందే.

ఎక్కువ చిక్కులు నామినీ దగ్గరే వస్తాయి. నామినీగా రాసిన తల్లి గానీ తండ్రి గానీ చనిపోయినా, పెళ్లయ్యాక భార్య పేరు రాయించాలనుకున్నా వెంటనే మార్పించుకోండి. నామినీ పేరు ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఒకేలా ఉండాలి. రైతు పోయాక ఈ తప్పులు దిద్దుకోవడం ఇంటివాళ్లకు చాలా కష్టం.

రైతు మరణిస్తే ఏం చేయాలి?

1. వెంటనే ఏఈవోకు తెలియజేయాలి.
2. 21 రోజుల్లోపు మరణాన్ని గ్రామ పంచాయతీలో నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి.
3. ధ్రువపత్రంతో పాటు రైతు, నామినీ ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకం, నామినీ బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు ఇవ్వాలి.

క్లెయిం పత్రాలను వ్యవసాయ శాఖే ఎల్‌ఐసీకి పంపుతుంది. మధ్యవర్తులకు డబ్బు ఇవ్వవద్దు, ఫోన్‌లో ఎవరడిగినా ఓటీపీ చెప్పవద్దు. మీ పేరున ఎవరు నామినీగా ఉన్నారో ఇంట్లోవాళ్లకు కూడా తెలిసి ఉండాలి. అనుమానం ఉంటే పాసుపుస్తకం, ఆధార్ తీసుకుని రైతు వేదికలో ఏఈవోను కలిసి సరిచూసుకోండి.