మత్తులో వచ్చినా తలుపు మూయరాదు
నిరాశ్రయుల వసతి గృహాల్లో ‘హాని తగ్గింపు’ ఆవశ్యకం

వరంగల్: రైల్వేస్టేషన్లు, బస్టాండ్ల వద్ద రాత్రులు గడిపే నిరాశ్రయుల్లో మద్యానికి, కల్తీకల్లుకు బానిసలైనవారూ ఉంటారు. తాగి వచ్చిన వ్యక్తిని వసతి గృహం గుమ్మం నుంచే పంపివేస్తే అతడు తాగుడు మానడు; చలికో, రోడ్డు ప్రమాదానికో గురవుతాడు. వ్యసనాన్ని వెంటనే మాన్పించలేకపోయినా, దానివల్ల ప్రాణానికి కలిగే ముప్పును తగ్గించడమే హాని తగ్గింపు విధానం.

ఎందరికి వసతి?
పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా పనిచేసే ఆశ్రయాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం 100 మందికి వసతిని, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల స్థలాన్ని నిర్దేశించాయి. 2011 లెక్కల ప్రకారం గ్రేటర్ వరంగల్ జనాభా 8 లక్షలకు పైబడింది. ఆ లెక్కన కనీసం 800 మందికి చోటుండాలి.

హఠాత్తుగా మానినా ముప్పే
కల్తీకల్లులో కలిపే ఆల్‌ప్రాజోలం, డైజీపాం వంటి మందులకు శరీరం అలవాటు పడుతుంది. 2015లో ఎక్సైజ్ దాడులతో కల్తీకల్లు సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దొరకక హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బాధితులు బారులు తీరారు. చేతుల వణుకు, ఫిట్స్, మతిభ్రమణం ఇందుకు లక్షణాలు. సకాలంలో వైద్యం అందకపోతే మరణం సంభవించవచ్చు. కనుక “మానితేనే చోటు” అనే నిబంధన ప్రమాదకరం.

సిబ్బంది ఏం చేయాలి?
మత్తులో ఉన్నవారిని వెల్లకిలా కాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఇది కాపాడుతుంది. రాత్రంతా శ్వాసను గమనిస్తూ ఉండాలి. పిలిచినా పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. మత్తు మందుల మోతాదును క్రమంగా తగ్గించడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. తాగుబోతుల్లో లోపించే బి1 విటమిన్ కూడా వైద్యుని సలహాతో ఇవ్వాలి. మానదలచినవారు వ్యసన విముక్తి సహాయవాణి 14446ను సంప్రదించవచ్చు. స్త్రీలకు, పిల్లలకు వేరే గదులు, గొడవపడేవారికి ప్రత్యేక స్థలం ఉంటే తోటివారికీ భద్రత.

కెనడా అనుభవం
కెనడాలోని ఒట్టావాలో ఒక ఆశ్రయంలో 17 మందికి సిబ్బంది పర్యవేక్షణలో పరిమితంగా మద్యం ఇచ్చారు. వారంతా కలిసి అత్యవసర వైద్యానికి వెళ్లిన సందర్భాలు నెలకు సగటున 13.5 నుంచి 8కి తగ్గినట్లు 2006లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఇక్కడ అంతదూరం వెళ్లనవసరం లేదు. తలుపు తెరిచి ఉంచడం, శ్వాసను గమనించడం, సమయానికి ఆస్పత్రికి చేర్చడం.. ఈ మూడింటితోనే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి.