సర్ఫ్ థెరపీ: కేప్‌టౌన్ కెరటాల మీద

పొడవాటి పలక ఎక్కి అలల మీద జారే సర్ఫింగ్ ఆటను మనసు గాయాలకు ఊరటగా వాడుకునే పద్ధతి సర్ఫ్ థెరపీ. పేద బస్తీల పిల్లల కోసం దీనికి ఒక క్రమం ఏర్పరచిన సంస్థల్లో ముందుగా చెప్పుకోవాల్సింది దక్షిణాఫ్రికాలోని ‘వేవ్స్ ఫర్ చేంజ్’.

2009లో టిమ్ కోనిబేర్ అనే బ్రిటిష్ యువకుడు కేప్‌టౌన్ శివార్లలోని మసిపుమెలెలె బస్తీ పిల్లలను వారాంతాల్లో మ్యుజెన్‌బర్గ్ తీరానికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అది వట్టి సరదా క్లబ్బు. చికిత్స ఊసే లేదు. అయితే అలల్లో తడిసి ఒడ్డున కూర్చున్న పిల్లలు ఇంట్లో, వీధిలో చూసిన హింస గురించి మెల్లగా నోరు విప్పసాగారు. క్లబ్బు దారి అక్కడ మళ్లింది; అదే తర్వాత వేవ్స్ ఫర్ చేంజ్ అయింది.

ఆ తీరం చేరడమే ఒక కథ. వర్ణవివక్ష రోజుల్లో, 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల చట్టం అండతో, సముద్రాన్ని కూడా రంగును బట్టి పంచారు. మంచి తీరాలు తెల్లవారివి. చట్టం రద్దయింది 1990లో. తాతలు అడుగుపెట్టని నీళ్లలో మనవలకు ఈత ఎలా వస్తుంది? అందుకే ఈ బస్తీల్లో సముద్రమంటే చాలామందికి భయమే. నల్లజాతివారు దక్షిణాఫ్రికాలో సంఖ్యలో మైనారిటీ కారు. ప్రతి ఐదుగురిలో నలుగురు వాళ్లే. మంచి తీరాల్లో వాటా దగ్గరికి వచ్చేసరికే లెక్క తిరగబడింది.

సంస్థకు పిల్లలను ఎక్కువగా టీచర్లు, సామాజిక కార్యకర్తలు పంపుతారు. వారానికోసారి, బడి అయ్యాక, నెలల తరబడి సాగే కార్యక్రమమిది. ముందు ఇసుకలో గుండ్రంగా నిలబడి ఈ రోజు మనసెలా ఉందో ఒక్కొక్కరూ చెబుతారు. పాటలు, గెంతులు, ఊపిరి నిదానంగా తీసి వదిలే అభ్యాసం. ఆ తర్వాతే చలినీళ్లలో వేసుకునే వెట్‌సూట్లు. మెత్తటి ఫోమ్ పలక మీద పిల్లవాడు బోర్లా పడుకుంటాడు. నడుములోతు నీళ్లలో నిలబడ్డ కోచ్ వెనక్కి తిరిగి చూస్తూ, నురగ దగ్గరికి రాగానే పలకను ముందుకు తోస్తాడు. తొలిరోజు చాలామంది తూలి పడతారు, ఉప్పునీళ్లు మింగుతారు, మళ్లీ క్యూలోకి వస్తారు.

ఆ కోచ్‌లు అదే బస్తీల యువతీ యువకులు. మానసిక వైద్యంలో పట్టాలేవీ ఉండవు; పిల్లల మాట వినడం, ప్రమాదం పసిగట్టి నిపుణుల దగ్గరికి పంపడం శిక్షణలో నేర్చుకుంటారు. వాళ్లకది జీతమొచ్చే ఉద్యోగం కూడా, నిరుద్యోగం పేరుకున్న చోట అది చిన్న విషయం కాదు. అలల కన్నా, వారం వారం మాట తప్పకుండా వచ్చే ఈ కోచే అసలు మందు అనిపిస్తుంది. డాక్టరు దగ్గరికి పదమంటే పిచ్చి అనుకుంటారని జంకే ఇంట్లో కూడా సముద్రానికి పదమంటే ఎవరు కాదంటారు?

వయసు కూడా ముఖ్యమే. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నిత్యం భయంలో పెరిగే పిల్లల ఒంట్లో ‘ప్రమాదం’ గంట మోగుతూనే ఉంటుంది. గుండె దడ, నిద్ర లేమి, చిన్నమాటకే తిరగబడడం దాని గుర్తులు. అల ముందు కూడా గుండె దడదడలాడుతుంది, కానీ పక్కన నమ్మకమైన మనిషి ఉంటాడు, భయం కాసేపట్లో దిగిపోతుంది. దిగుతుందని ఒంటికి తెలియడమే ఇక్కడి పాఠం.

2017లో వేవ్స్ ఫర్ చేంజ్‌కు లారియస్ క్రీడా అవార్డుల్లో ‘స్పోర్ట్ ఫర్ గుడ్’ పురస్కారం దక్కింది. ఇలాంటి బృందాలను కలిపే అంతర్జాతీయ సర్ఫ్ థెరపీ సంస్థ కూడా ఆ ఏడాదే ఏర్పడింది. పరిశోధన మాత్రం ఇంకా పలచగానే ఉంది: చాలా అధ్యయనాలు కొద్దిమంది మీదే జరిగాయి, పోల్చి చూడడానికి సర్ఫింగ్ చేయని పిల్లల బృందం అన్నిట్లోనూ లేదు. డబ్బు కూడా ఒక చిక్కే: దుస్తులు, పలకలు, పిల్లలను తెచ్చి దింపే వ్యాన్లు, కోచ్‌ల జీతాలు అన్నీ విరాళాల మీదే ఎక్కువగా నడుస్తాయి. పైగా చలికాలంలో కేప్‌టౌన్ సముద్రపు నీళ్లు వణికించేస్తాయి.