అసలు, నకలు, ఇన్సాఫ్: ఆర్కేడ్ స్కోర్ల కిస్సా

మనం తెలుగులో రోజూ పలికే ‘అసలు’, ‘నకలు’ రెండూ అరబీ మాటలే. ఫార్సీ, ఉర్దూల దారిలో మన కచేరీలకు వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయాయి. చిత్రం ఏమిటంటే బజారులో ‘నకిలీ’ అంటే దగా. అదే కుటుంబానికి చెందిన ‘నకలు’ కచేరీలో పనికొచ్చే కాగితం. మొహరు, దస్తఖత్ ఉంటే దాన్ని ఎవరూ కాదనరు. అంటే నకలు కావడమే తప్పు కాదు. దాని వెనక రుజువు ఉందా లేదా అన్నదే సవాల్.

దోస్తులారా, ఈ సవాల్ మీదే పాతికేళ్లకు పైగా ఒక జగడం నడిచింది. పొలం జగడం కాదు, వీడియో గేమ్ స్కోర్ల జగడం. పిల్లల ఆట కదా అని తీసిపారేయకండి. ఇన్సాఫ్ ఎలా చెయ్యాలో తెలుసుకోవడానికి ఇదొక మంచి తారీఖ్.

1981లో జపాన్ కంపెనీ నింటెండో ‘డాంకీ కాంగ్’ అనే ఆటను బజారులోకి తెచ్చింది. పైన ఒక గొరిల్లా పీపాలు దొర్లిస్తుంటుంది. కింద నుంచి ఒక వడ్రంగి వాటిని దూకుతూ, నిచ్చెనలు ఎక్కుతూ పైకి చేరాలి. అదే ఏడాది నవంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఒటమ్వా అనే చిన్న ఊళ్లో వాల్టర్ డే అనే ఆయన ‘ట్విన్ గేలక్సీస్’ పేరుతో ఒక ఆర్కేడ్ తెరిచారు. 1982 నుంచి ఏ ఆటలో ఎవరి స్కోరు ఎక్కువో ఆయనే హిసాబ్ రాయడం మొదలుపెట్టారు. ఆ దఫ్తరుకు మెల్లగా దేశమంతా ఇజ్జత్ వచ్చింది.

ఆ జమానాలో రుజువు అంటే మనిషి గవాహీ. మెషీన్ అసలుది కావాలి, ఆట నడుస్తుండగా చూసినవాళ్లు ఉండాలి. తర్వాత వీడియో టేపులు వచ్చాయి. కానీ అసలు మెషీన్ అయినంత మాత్రాన బేఫికర్‌గా ఉండలేం. దాని లోపలి బోర్డు మీద చిన్న చిన్న స్విచ్‌లు ఉంటాయి. డాంకీ కాంగ్‌లో ఖిలాడీకి మూడు ప్రాణాలు ఇవ్వాలా, ఆరు ఇవ్వాలా అన్నది దుకాణదారు ఆ స్విచ్‌లతోనే మార్చుకోవచ్చు. ప్రోగ్రాం ఉన్న చిప్ పీకి వేరే చిప్ పెట్టినా బయటి పెట్టె అలాగే కనిపిస్తుంది. కాబట్టి అసలులో కూడా దగాకు జాగా ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక నకలు సంగతి. 1997 ఫిబ్రవరి 5న నికోలా సాల్మోరియా అనే ఇటలీ ప్రోగ్రామర్ ‘మేమ్’ అనే సాఫ్ట్‌వేర్ మొదటి వెర్షన్ విడుదల చేశారు. పాత బోర్డులు పాడైపోతున్నాయి, చిప్‌లు చచ్చిపోతున్నాయి. అవి పోతే ఆటలే పోతాయి. ఆ ఆటలను కాపాడుకోవాలన్నది మేమ్ మకసద్. ఇది చూసి గీసిన బొమ్మలాంటిది కాదు. చిప్‌లలోని అసలు ప్రోగ్రామునే చదువుకుని, మన కంప్యూటర్ చేత పాత బోర్డులా నటింపజేస్తుంది. డాంకీ కాంగ్ బోర్డులో ఉన్నది జెడ్-80 ప్రాసెసర్, వేగం సుమారు 3 మెగాహెర్ట్జ్. మేమ్ ఆ ప్రాసెసర్ చేసే ప్రతి పనినీ లెక్క తప్పకుండా చేసి చూపాలి.

ఎంత లెక్క తప్పకుండా అంటే, తప్పును కూడా తప్పకుండా చూపాలి. డాంకీ కాంగ్‌లో ప్రతి అంచెకూ ఇచ్చే గడువును అంచె నంబరును 10తో గుణించి, 40 కలిపి కడతారు. 22వ అంచెలో అది 260 అవుతుంది. ఒక బైట్‌లో 255కు మించి పట్టదు. 256 దొర్లిపోయి 4 మిగులుతుంది. దాంతో గడువు కొన్ని సెకన్లలోనే తీరిపోయి, ఎంతటి ఉస్తాద్ అయినా చచ్చిపోవాల్సిందే. 1981 నాటి ఈ తప్పు మేమ్‌లోనూ అచ్చం అలాగే జరుగుతుంది. నకలు అంటే ఇలా ఉండాలి.

మరి స్కోర్ల దుకాణంలో దీన్ని ఎందుకు షక్‌తో చూశారు? కారణం కంప్యూటర్ హార్డ్‌వేర్. అసలు బోర్డు వేగం ఎక్కడైనా ఒకటే. కంప్యూటర్ సంగతి అలా కాదు. 1990లలో చాలామంది ఇళ్లలోని కంప్యూటర్లకు పెద్ద ఆటలను పూర్తి వేగంతో నడిపే తాకత్ లేదు. ఆట నూటికి 80 వేగంతో నడిస్తే, నాలుగు సెకన్లలో జరగాల్సింది ఐదు సెకన్లలో జరుగుతుంది. పీపా నెమ్మదిగా దొర్లుతుంది, దూకేవాడికి ఆలోచించే తీరిక దొరుకుతుంది. అంటే నాసిరకం కంప్యూటర్ ఉన్నవాడికే ఫాయిదా! ఇంకోవైపు, బటన్ నొక్కిన తర్వాత తెర మీద కదలిక ఆలస్యంగా చూపించే మానిటర్ కొన్నవాడికి నష్టం. అసలు జాయ్‌స్టిక్‌ను ఒకేసారి కుడికీ ఎడమకీ వంచలేం. కీబోర్డు మీద రెండు బటన్లూ కలిపి నొక్కవచ్చు. అందుకే దీన్ని ఒప్పుకోవాలా వద్దా అని మేమ్‌లో ఒక సెట్టింగే పెట్టాల్సి వచ్చింది.

ఇవి నియ్యత్ మంచిదైనా వచ్చే తేడాలు. నియ్యత్ చెడ్డదైతే సాధనాలు ఇంకా ఉన్నాయి. ఆట ఆపి ఆలోచించవచ్చు. ఒక చోట ఆటను దాచిపెట్టి, చచ్చిపోతే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. గంటల తరబడి ముక్కలు ముక్కలుగా ఆడి, చివరికి ఒకే దమ్ములో ఆడినట్టు వీడియో తీయవచ్చు.

ఈ మస్‌లాకు జవాబు కూడా నకలులోంచే వచ్చింది. మేమ్‌లో ఆటను ‘ఐఎన్‌పీ’ ఫైలుగా రికార్డు చేయవచ్చు. అందులో బొమ్మ ఉండదు. ఏ క్షణంలో ఖిలాడీ ఏ బటన్ నొక్కాడన్నదే ఉంటుంది. అదే వెర్షన్ మేమ్‌లో, అదే ప్రోగ్రాం మీద ఆ ఫైలును నడిపితే ఆట మొత్తం మళ్లీ పుడుతుంది, స్కోరు మళ్లీ అదే వస్తుంది. ఎవరైనా తమ ఇంట్లో కూర్చుని తనిఖీ చేసుకోవచ్చు. ముకాబ్లాల కోసమని ‘వుల్ఫ్‌మేమ్’ అనే వెర్షన్ తయారైంది. ఆట ఆపడం, దాచిపెట్టడం లాంటి దొంగదారులను అది మూసేస్తుంది. అయినా ట్విన్ గేలక్సీస్ అసలు మెషీన్ల జాబితా, మేమ్ జాబితా వేరువేరుగానే ఉంచింది. అది కూడా ఇన్సాఫే. రెండు వేరు సాధనాలను ఒకే తక్కెడలో తూచకూడదు.

ఇప్పుడు అసలైన ముకద్దమాకు వద్దాం. స్టీవ్ వీబీ అనే ఖిలాడీ తన ఇంట్లో డాంకీ కాంగ్ ఆడి 10,06,600 స్కోరు టేపు పంపారు. ఆయన మెషీన్‌లోని బోర్డు మీద షక్ వచ్చి దాన్ని పక్కన పెట్టారు. 2005లో ఆయన న్యూ హ్యాంప్‌షైర్‌లోని ఫన్‌స్పాట్ ఆర్కేడ్‌కు వెళ్లి, అందరి ముందూ ఆడి 9,85,600 సాధించారు. అక్కడికే బిల్లీ మిచెల్ అనే పేరుమోసిన ఉస్తాద్ టేపు వచ్చింది, స్కోరు 10,47,200. 2007 నాటి ‘ద కింగ్ ఆఫ్ కాంగ్’ డాక్యుమెంటరీ ఈ కిస్సాను ప్రపంచానికి చెప్పింది.

2018 ఫిబ్రవరిలో ఆ పాత టేపుల మీద ఒక అభ్యంతరం లేచింది. అసలు బోర్డులో తెర మారేటప్పుడు బొమ్మ ఒక పక్క నుంచి తలుపు జరిపినట్టు వస్తుంది. పాత మేమ్‌లో అతుకులు అతుకులుగా ప్రత్యక్షమవుతుంది. టేపుల్లో కనిపించింది రెండోదని వాదన. ఏప్రిల్ 12న ట్విన్ గేలక్సీస్ ఫైసలా చెప్పింది. 10,47,200, 10,50,200 స్కోర్ల టేపులు మార్పులు చేయని అసలు బోర్డు నుంచి వచ్చినవి కావని, అయితే అవి కచ్చితంగా మేమ్‌వే అని ఖరారు చేయలేమని చెబుతూ మిచెల్ స్కోర్లన్నీ తీసేసింది. తాను ఆడింది అసలు మెషీన్ మీదేనని మిచెల్ మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. గిన్నిస్ కూడా ముందు తీసేసి, 2020లో తిరిగి ఇచ్చింది. ఆయన పరువునష్టం దావా వేశారు. 2024 జనవరిలో రాజీ కుదిరింది. పాతబడి చెడిపోతున్న భాగాలున్న అసలు హార్డ్‌వేర్ నుంచి కూడా అలాంటి బొమ్మలు రావచ్చని ఆయన తరఫు నిపుణుడు చెప్పారు. ట్విన్ గేలక్సీస్ ఆయన స్కోర్లను తన చారిత్రక దఫ్తరులో తిరిగి చేర్చింది.

ఎవరిది హక్కు, ఎవరిది నాహక్ అని తీర్పు చెప్పడం నా పని కాదు. నాకు ముఖ్యంగా కనిపించేది వేరే. అందరూ గౌరవించిన ‘అసలు’ ఆట తన వెనక ఒక టేపును మాత్రమే వదిలింది. ఆ టేపు మీద ఆరేళ్లు కొట్లాడినా నోరారా జవాబు రాలేదు. అందరూ అనుమానించిన ‘నకలు’ ప్రతి బటన్ నొక్కుడునూ రాసిపెట్టి, కావాలంటే మళ్లీ చూసుకోమంటుంది. దాన్నీ మోసం చేయవచ్చు, కాదనను. కానీ మోసం పట్టుకునే తాళంచెవి ఒక్క పెద్దమనిషి జేబులో కాక అందరి చేతిలో ఉంటుంది.

ఇంకో మాట. అసలు మెషీన్ కొనగలిగేవాళ్లు, దాన్ని ఇంట్లో పెట్టుకునే జాగా ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎంతమంది? అమెరికా ఆర్కేడ్‌కు వేల మైళ్ల దూరంలో ఉన్న పిల్లవాడికి పాత కంప్యూటర్, మేమ్ ఇవే దిక్కు. నకలు కాబట్టి నీ స్కోరు చెల్లదు అంటే, వాడి హునర్‌కు కాదు, వాడి గరీబీకి తీర్పు చెప్పినట్టు. ఏ సాధనం మీద ఆడావో దాచకుండా చెప్పు, హిసాబ్ అందరి ముందూ పెట్టు, అప్పుడు నీ స్కోరు నీదే. మన కచేరీ గుమాస్తాలకు ఏనాడో తెలిసిన సంగతే ఇది: మొహరు ఉన్న నకలు, రుజువు లేని అసలు కంటే గట్టిది.