సున్నపునీటిలో నానిన మొక్కజొన్న

మన ఇండ్లలో దోసె, ఇడ్లీ, గారె మొదలైనవి ఏదో ఒక పచ్చడిలో నంజుకొని తినేవే. ఇటువంటి అలవాటే మెక్సికో దేశంలోనూ ఉన్నది. అక్కడ విందులలో టమాటా, మిరపకాయలు కలిపి చేసిన సల్సాను, అవకాడో పండ్ల గుజ్జుతో చేసిన గ్వాకమోలేను గిన్నెలలో పోసి, ప్రక్కనే కరకరలాడే మొక్కజొన్న చెక్కలను పళ్ళెం నిండా పెడతారు. వీటికి టోర్టిల్లా చిప్సు అని పేరు. ఇప్పుడు మన పట్టణాలలోనూ ఇవి దొరుకుతున్నవి. ఈ చెక్క వెనుక మూడువేల ఏండ్లకు పైబడిన ఒక వంట విద్య ఉన్నది. ఆ విద్యను వదలిపెట్టిన దేశాలు దానికి భారీ మూల్యం చెల్లించినవి.

మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో. సుమారు 9,000 ఏండ్ల క్రితం అక్కడి రైతులు టియోసింటె అనే అడవి గడ్డిని సాగుచేసి, తరతరాలుగా మంచి గింజలను ఏరి, నేటి కండెను సాధించారు. అయితే ఈ గింజపై పొర గట్టిది. పైగా దాని పిండిలో గోధుమపిండికున్న సాగే గుణం లేదు. చన్నీళ్ళతో కలిపితే ముద్ద విరిగిపోతుంది. ఈ చిక్కుకు అక్కడివారు కనిపెట్టిన ఉపాయం సున్నం.

పద్ధతి సులభమైనది. ఒక కిలో గింజలకు సుమారు 10 గ్రాముల తడిసున్నం చొప్పున నీటిలో కలిపి ఉడికిస్తారు. దించి రాత్రంతా అలాగే నాననిస్తారు. తెల్లవారిన తరువాత సున్నపునీరు పారబోసి, గింజలను బాగా కడిగి, రాతిమీద మెత్తగా నూరుతారు. క్షారం వల్ల పైపొరలోని హెమిసెల్యులోజు కరిగి, పొట్టు ఊడివస్తుంది. పిండిపదార్థం కొంత ఉబ్బి జిగురు తేలుతుంది. సున్నంలోని కాల్షియం కొంత గింజలో చేరుతుంది. ఇలా తయారైన గింజలకు నిష్టమల్ అని పేరు. మెక్సికోలోని నహువాట్ల్ భాషలో బూడిదకూ, మొక్కజొన్న ముద్దకూ ఉన్న పేర్లు కలిసి ఈ మాట ఏర్పడినది. సున్నం దొరకని చోట కట్టెల బూడిదనే వాడేవారు. గ్వాటిమాలా దక్షిణ తీరంలో ఈ పద్ధతికి సంబంధించిన ఆనవాళ్ళు క్రీ.పూ. 1500-1200 నాటివి దొరికినవి.

ఆ ముద్దను పలుచని రొట్టెగా తట్టి పెనంమీద కాలిస్తే టోర్టిల్లా. మిగిలిన రొట్టెలను ముక్కలుగా కోసి, ఆరనిచ్చి, కాగిన నూనెలో వేయిస్తే చిప్సు. ముందుగా ఆరబెట్టడంలో ఒక మర్మం ఉన్నది. తడిముక్కను నూనెలో వేస్తే నీరు ఆవిరియై బయటికి పోతుంది. అది ఖాళీ చేసిన సందులలోకి నూనె చేరుతుంది. కనుక ముక్క ఎంత ఆరితే అంత తక్కువ నూనె పీల్చుకొని, అంత కరకరలాడుతుంది. 1940-50 మధ్యకాలంలో లాస్ ఏంజిలిస్ నగరంలో రెబెకా వెబ్ కర్రాంజా తన రొట్టెల కర్మాగారంలో యంత్రం నుండి వంకరగా వచ్చిన రొట్టెలను పారవేయక, ఇలాగే కోసి వేయించి అమ్మినది. తరువాత అమెరికా అంతటా ఈ చెక్కలు వ్యాపించినవి.

ఇక అసలు కథ. 1492 తరువాత స్పెయిన్ వారు మొక్కజొన్నను ఐరోపాకు తీసుకొనిపోయారు. విత్తనం ఓడ ఎక్కినది. సున్నం మాత్రం ఎక్కలేదు. ఐరోపాలో మరలు ఉన్నవి, గింజలను పొడిగానే విసురుకొన్నారు. ఈ పంట పేదలకు చౌకగా కడుపు నింపినది. కాని 1735లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు స్పెయిన్‌లోని అస్తూరియాస్ రైతులలో ఒక క్రొత్త జబ్బును వర్ణించాడు. ఎండ తగిలినచోట చర్మం కమిలి పొలుసులు రాలేది. విరేచనాలు, మతిభ్రమణ, చివరకు మరణం. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రపోలి దీనిని పెల్లాగ్రా అన్నాడు. గరుకు చర్మం అని ఆ మాటకు అర్థం.

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో ఈ జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలను పట్టి పీడించినది. సుమారు 30 లక్షల మంది జబ్బుపడగా, లక్షమంది వరకు మరణించారని అంచనా. ఇది అంటురోగమని పలువురు నమ్మారు. 1914లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే ప్రభుత్వ వైద్యుడు పరిశోధనకు పూనుకొన్నాడు. ఆశ్రమాలలో ఉండేవారికి జబ్బు వస్తున్నది, వారికి సేవచేసే దాదులకు రావడంలేదు. అంటురోగమైతే ఈ భేదం ఎందుకు? అనాథ శరణాలయాల పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసం, చిక్కుళ్ళు ఇప్పించగా జబ్బు తొలగిపోయినది. 1915లో మిసిసిపీ కారాగారంలో శిక్ష రద్దుచేస్తామన్న మాటమీద ముందుకు వచ్చిన ఖైదీలకు మొక్కజొన్న వంటి పిండిపదార్థాలే పెట్టగా, 11 మందిలో ఆరుగురికి జబ్బు లక్షణాలు కనిపించినవి. అయినా కొందరు నమ్మలేదు. 1916లో గోల్డ్‌బెర్గర్, ఆయన సహచరులు రోగుల రక్తాన్ని తమ శరీరాలలోకి ఎక్కించుకొన్నారు; రోగుల చర్మపు పొలుసులను మింగారు. ఒక్కరికీ పెల్లాగ్రా రాలేదు. లోపించిన పదార్థం ఏదో తెలియకుండానే ఆయన 1929లో కన్నుమూశాడు.

ఆ పదార్థం నికోటినిక్ ఆమ్లమని 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ తేల్చాడు. కాని రెండు సందేహాలు మిగిలినవి. పాలలో ఈ విటమిను స్వల్పం, అయినా పాలు జబ్బును నివారిస్తున్నవి. మొక్కజొన్నలో అంతకన్న ఎక్కువే ఉన్నది, అయినా అది జబ్బును ఆపడంలేదు. మొదటిదానికి సమాధానం 1945లో దొరికినది: మాంసకృత్తులలోని ట్రిప్టొఫాన్ నుండి శరీరం ఈ విటమినును తయారుచేసుకొంటుంది. పాలలో ట్రిప్టొఫాన్ హెచ్చు, మొక్కజొన్నలో తక్కువ. రెండవదానికి సమాధానం సున్నం. గింజలోని విటమినులో అధికభాగం ఇతర పదార్థాలతో బంధింపబడి ఉంటుంది. మన జీర్ణరసాలు ఆ బంధాన్ని విప్పలేవు. క్షారంలో ఉడికినప్పుడు అది విడిపోతుంది. మెక్సికో ప్రజలు రొట్టెతోపాటు చిక్కుడు గింజలు తినడమూ వారిని కాపాడినది.

ఈ కథకు మన దక్కనుతో కూడ సంబంధమున్నది. జొన్న ప్రధానాహారంగా గల ఇక్కడి పేద కూలీలలోనూ పెల్లాగ్రా కనిపించినది. జొన్నలో ట్రిప్టొఫాన్ మొక్కజొన్నలో వలె తక్కువకాదు. మరి జబ్బెందుకు? హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో దీనికి కారణం చెప్పారు. జొన్నలో హెచ్చుగా ఉన్న ల్యూసిన్ అనే ఎమినో ఆమ్లం, ట్రిప్టొఫాన్ విటమినుగా మారడానికి అడ్డుపడుతున్నదని వారి వాదం. ఈ విషయంపై తరువాత చాలా చర్చ జరిగినది. పప్పు, పాలు, కూరలు చేరిన జొన్నరొట్టె మాత్రం ఎవరికీ హాని చేయదు.

సున్నం వేసి గింజలు ఉడికించిన ఆ స్త్రీలకు విటమిను పేరు తెలియదు. రొట్టె విరగకుండా రావడమే వారికి కావలసినది. ఆ పనిలోనే బిడ్డల ప్రాణాలు కూడా నిలిచినవి. ఒక పంటను తెచ్చుకొనేటప్పుడు, దానిని తరతరాలుగా వండి తిన్నవారిని కూడ అడిగి తెలుసుకోవలెనని చరిత్ర నేర్పిన పాఠం ఇది. ఐరోపావారు ఆ ప్రశ్న అడగలేదు. దాని జవాబు కోసం ప్రపంచం రెండువందల ఏండ్లు వేచియుండవలసి వచ్చినది.