వానకాలంలో పగిలిన తూటాలు

అమెరికాలో తుపాకి గురి అభ్యసించేవారిలో చాలామంది పేల్చిన తూటా గొట్టాన్ని పారవేయరు. ఇంటికి తెచ్చి, బల్లకు బిగించిన ప్రోగ్రెసివ్ ప్రెస్సులో మరల నింపుకొంటారు. పిడి లాగినప్పుడల్లా చక్రం మీది గొట్టాలన్నీ ఒక్కొక్క స్థానం ముందుకు జరుగుతాయి. ఒకచోట పాత రంజకపు టోపీ ఊడుతుంది, మరొకచోట కొత్తది ఎక్కుతుంది. చివరికి పూర్తి అయిన తూటా బయటపడుతుంది. (మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయటం నేరం.) ఆ యంత్రం కంటె అందులో తిరిగే ఇత్తడి గొట్టం చరిత్రే నాకు వింతగా తోస్తుంది. అందులో ముఖ్యమైన ఘట్టం ఒకటి మన దేశంలోనే జరిగింది.

ఇత్తడినే ఎందుకు ఎన్నుకొన్నారు? 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం కలిసిన ఇత్తడి బాగా సాగుతుంది. మందు పేలగానే గొట్టం ఉబ్బి, తుపాకి లోపలి గోడకు అతుక్కొని, వాయువులు వెనుకకు రాకుండా అడ్డుతుంది. మరుక్షణం స్థితిస్థాపకత వల్ల కొద్దిగా ముడుచుకొని సులభంగా ఊడివస్తుంది. కాబట్టే మరల వాడటానికి పనికివస్తుంది. 1866లో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డన్ చెరొక రకం రంజకపు టోపీని రూపొందించారు. బాక్సర్ పద్ధతిలో గొట్టం అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. సన్నని కడ్డీతో పొడిస్తే పాత టోపీ ఊడిపోతుంది. బెర్డన్ పద్ధతిలో రంధ్రాలు మధ్యకు రావు గనుక ఆ పని కష్టం. తమాషా ఏమంటే ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో నిలిచింది, అమెరికావాని పద్ధతి యూరపులో వ్యాపించింది!

ఇక మన దేశపు సంగతి. బ్రిటిషు సైన్యం వానకాలంలో కదలికలు తగ్గించుకొని, తూటాలను గుర్రపుశాలల్లో నిలువచేసేది. వర్షాలు వెలిసి పెట్టెలు తెరిచేసరికి, గుండును బిగించి పట్టిన చోట ఇత్తడి పగిలి ఉండేది. ఎవరూ పేల్చలేదు, ఎవరూ కొట్టలేదు. ఋతువును బట్టి వచ్చేది గనుక దానికి ‘ఋతు పగులు’ అని పేరు వచ్చింది. యుద్ధానికి వెళ్ళే సిపాయికి ఇది ప్రాణాంతకమైన విషయం.

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు దీని మర్మం విప్పారు. గుర్రాల మూత్రం కుళ్ళగా పుట్టిన అమోనియా తేమతో కలిసి ఇత్తడిని అంటింది. అయితే అమోనియా ఒక్కటే దోషి కాదు. చల్లని లోహాన్ని అచ్చులోనుంచి లాగి గొట్టంగా చేసినప్పుడు అందులో ఒత్తిడులు మిగిలిపోతాయి. పైకి ఏమీ కనబడదు. లోపల లోహం బిగదీసిన తాడువలె ఉంటుంది. అమోనియా రేణువుల సరిహద్దులను తినివేయగానే ఆ బిగువే గొట్టాన్ని చీల్చుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పగులు లేదు.

కాబట్టి విరుగుడు కూడ సులభమే. సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచితే గట్టిదనం అంతగా తగ్గకుండానే ఒత్తిడులు సడలుతాయి. మన కంచరి బిందెను సాగగొడుతూ మధ్యమధ్య కొలిమిలో కాచటం ఇందుకు దగ్గరి పనే. అతడు కాచేది ఇంకా ఎక్కువ వేడికి, లోహం మెత్తబడేదాకా. ఒత్తిడి మిగిలి ఉన్నదో లేదో తెలుసుకొనటానికి మెర్క్యురస్ నైట్రేటు ద్రావణంలో ముంచుతారు. ఉంటే కొద్దిసేపట్లోనే చీలిక కనబడుతుంది.

ఇంటిలో తూటాలు నింపుకొనేవారు కూడ కొన్ని సార్లు వాడిన గొట్టం మెడను కాచి మెత్తపరుస్తారు. అమోనియా ఉన్న మెరుగు ద్రవంతో మాత్రం దానిని తోమరు. మా కళాశాల ప్రయోగశాలలో నేనూ అమోనియా సీసాను ఇత్తడి పరికరాల అలమారకు దూరంగానే పెట్టిస్తాను.