రెండో ప్రపంచ యుద్ధం: హైదరాబాద్ రాజ్యం ఏమిచ్చింది, ఏం మిగిలింది?

మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ బస్తీల్లో పెద్దవాళ్లు రేషన్ షాపును ఇప్పటికీ 'కంట్రోల్ దుకాణం' అంటారు. అక్కడిచ్చే బియ్యాన్ని కంట్రోల్ బియ్యం అంటారు. ఈ మాట రెండో ప్రపంచ యుద్ధం రోజుల నాటిది. బియ్యం, బట్ట, కిరోసిన్ లాంటి సరుకుల ధరలను, అమ్మకాన్ని అప్పటి సర్కార్లు తమ అదుపులోకి తీసుకున్నాయి. యుద్ధం 1945లో ముగిసింది, మాట మాత్రం ఉండిపోయింది.

స్కూల్లో ఈ యుద్ధం గురించి చదివినప్పుడు హిట్లర్, పెర్ల్ హార్బర్, హిరోషిమా అని చదివి పరీక్ష రాసేశాం. అందులో హైదరాబాద్ పేరు దాదాపు కనపడదు. కానీ అప్పటి నిజాం రాజ్యంలో సుమారు 1.6 కోట్ల జనం ఉన్నారు. ఆ రాజ్యం పేరు మీద విమానాలు ఎగిరాయి, ఒక ఓడ సముద్రాలు దాటింది, సిపాయిలు మలయాలో చిక్కుకుపోయారు. పల్లెల్లో రైతు గాదె ఖాళీ అయ్యింది. ఆ లెక్క మొత్తం ఒకచోట చూద్దాం.

యుద్ధం ఎందుకు వచ్చింది?

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919 జూన్ 28న వెర్సాయ్ ఒప్పందం జరిగింది. ఓడిన జర్మనీ మీద భారీ నష్టపరిహారం వేశారు, భూభాగాలు తీసుకున్నారు, సైన్యాన్ని కుదించారు. పదేళ్లకు, 1929లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. లక్షల మంది పని పోగొట్టుకున్న జర్మనీలో, మన కష్టాలకు వేరేవాళ్లే కారణమని చెప్పే నాయకుడికి జనం దొరికారు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. తర్వాత ఆస్ట్రియా, చెకోస్లోవేకియా వంతు వచ్చాయి. 1939 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకుని, సెప్టెంబర్ 1న పోలండ్ మీద దాడి చేశాడు. సెప్టెంబర్ 3న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి.

ఇటు ఆసియాలో అంతకన్నా ముందే మంటలు మొదలయ్యాయి. జపాన్ 1931లో మంచూరియాను ఆక్రమించింది, 1937లో చైనా మీద పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఆమెరికా మీద పెర్ల్ హార్బర్ దాడి 1941 డిసెంబర్ 7న జరిగింది. అంతటితో రెండు యుద్ధాలూ కలిసి ఒకటైపోయాయి.

మనల్ని ఎవరైనా అడిగారా?

లేదు. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇండియా కూడా యుద్ధంలో ఉందని ప్రకటించేశారు. ఎన్నికైన నాయకులతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు ఆ ఏడాది చివర్లో రాజీనామా చేశాయి.

హైదరాబాద్ సంగతి వేరు. ఇది సంస్థానం. 1798 నాటి సైనిక ఒప్పందంతో నిజాంలు ఇంగ్లీషువాళ్లతో ముడిపడి ఉన్నారు. ఆ ఒప్పందం వల్లే 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇచ్చిన సాయానికి ఏడో నిజాం నవాబ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ ప్రభుత్వం 'నమ్మకమైన మిత్రుడు' అనే బిరుదు ఇచ్చింది. ఉర్దూలో 'యార్-ఎ-వఫాదార్'. రెండో యుద్ధం వచ్చేసరికి ఆ బిరుదు ఉన్న పాలకుడు ఎటు నిలబడతాడో అడగాల్సిన పనే లేదు. రయ్యత్‌ను అడిగే వ్యవస్థ ఇక్కడ ముందే లేదు.

హైదరాబాద్ పేరుతో విమానాలు, ఓడ

బ్రిటన్ వైమానిక దళంలో మూడు స్క్వాడ్రన్‌లకు హైదరాబాద్ పేరు ఉంది.

110 నంబర్ స్క్వాడ్రన్: మొదటి యుద్ధ కాలంలో దీని తొలి విమానాలు నిజాం ఇచ్చిన డబ్బుతో వచ్చాయి. 1939 సెప్టెంబర్ 4న, అంటే యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర యుద్ధనౌకల మీద బ్రిటన్ తొలి బాంబుదాడి చేసింది. దానికి ముందు నడిచింది ఈ స్క్వాడ్రనే.

152 నంబర్ స్క్వాడ్రన్: 1940లో లండన్‌ను, దక్షిణ ఇంగ్లాండ్‌ను కాపాడుకునే ఆకాశ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలతో పోరాడింది. దీని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది. కింద రాసి ఉన్న మాట 'నమ్మకమైన మిత్రుడు'. తర్వాత ఇదే స్క్వాడ్రన్ బర్మా యుద్ధానికి వచ్చింది.

253 నంబర్ స్క్వాడ్రన్: 'హైదరాబాద్ స్టేట్' పేరుతో, హరికేన్ విమానాలతో అదే పోరులో పాల్గొంది.

ఇక ఓడ. నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటన్‌లో కట్టిన ఒక డిస్ట్రాయర్‌కు 'నిజాం' అనే పేరు పెట్టారు. 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరింది. క్రీట్ దీవి నుంచి సైనికులను తరలించడంలో, టోబ్రూక్‌కు సరుకు, సైనికులను చేర్చడంలో పనిచేసింది. 1945 సెప్టెంబర్‌లో జపాన్ లొంగిపోయే పత్రం మీద సంతకాలు జరిగినప్పుడు టోక్యో బేలో ఉన్న ఓడల్లో ఇదీ ఒకటి. సముద్రమే లేని రాజ్యం పేరు అలా టోక్యో దాకా వెళ్లింది.

కోటా భారులో హైదరాబాద్ సిపాయిలు

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బ్రిటిష్ ఇండియా సైన్యంలో '19వ హైదరాబాద్ రెజిమెంట్' అని ఉండేది. పేరులో హైదరాబాద్ ఉన్నా, అందులో ఎక్కువమంది ఉత్తరాది కుమావూనీలు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత సైన్యం వేరు. ఆ సొంత సైన్యంలోని ఒక పటాలం, ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ, మలయాకు వెళ్లింది.

1941 డిసెంబర్ 8 అర్ధరాత్రి దాటాక జపాన్ సేనలు మలయా ఈశాన్య తీరంలోని కోటా భారు దగ్గర దిగాయి. టైమ్ జోన్ తేడా వల్ల తేదీ వేరుగా కనపడుతుంది గానీ, ఇది పెర్ల్ హార్బర్ దాడికి దాదాపు గంట ముందు. అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉన్నది ఈ హైదరాబాద్ పటాలం. ఆ రోజు సాయంత్రానికే విమానాశ్రయం చేజారింది, గందరగోళంలో పటాలం చెదిరిపోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ కూడా పడిపోయింది. వేల మంది భారత సైనికులు ఖైదీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు, కొందరు క్యాంపుల్లోనే ఉండిపోయారు, చాలామంది తిరిగి రాలేదు. సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం గోడల మీద సమాధి కూడా దొరకని 24 వేల మందికి పైగా పేర్లున్నాయి. అందులో భారత సైనికుల పేర్లూ ఉన్నాయి.

అవతలి వైపు నిలబడ్డ హైదరాబాదీ

అదే యుద్ధంలో ఇంకో హైదరాబాదీ పూర్తిగా వేరే దారిలో నడిచారు. ఆయన ఆబిద్ హసన్. 1911లో హైదరాబాద్‌లో పుట్టి, ఇంజినీరింగ్ చదువుకోసం జర్మనీ వెళ్లారు. అక్కడ సుభాష్ చంద్రబోస్‌ను కలిసి చదువు పక్కన పెట్టి ఆయన కార్యదర్శిగా, దుబాసీగా చేరారు. 1943 ఫిబ్రవరిలో బోస్ జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయలుదేరినప్పుడు వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు ఆయనే. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో ఇద్దరూ జపాన్ జలాంతర్గామిలోకి మారారు.

'జై హింద్' నినాదాన్ని ఇచ్చింది ఆబిద్ హసనే అని చెబుతారు. ఇంఫాల్ వైపు సాగిన పోరులోనూ ఆయన ఉన్నారు. స్వాతంత్ర్యం తర్వాత విదేశాంగ శాఖలో పనిచేసి, 1984లో కన్నుమూశారు. ఈరోజు ఎవరు ఎంత దేశభక్తులో పేరు చూసి తేల్చేవాళ్లకు ఈ ఒక్క పేరు గుర్తుచేస్తే చాలు.

తెలుగు తీరానికి బాంబులు, బర్మా నుంచి నడక

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఓడరేవులో, మిల్లుల్లో పనిచేసే వేలాది తెలుగు కూలీలు రంగూన్‌లో ఉండేవారు. వాళ్లతో సహా లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. జబ్బులతో, ఆకలితో వేల మంది దారిలోనే చనిపోయారు.

అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. భయంతో తీరం వెంట జనం ఊళ్లు ఖాళీ చేశారు. సికింద్రాబాద్ మీద బాంబులు పడలేదు. ఇక్కడికి యుద్ధం వేరే రూపంలో వచ్చింది. బేగంపేటలో పైలట్లకు తొలి శిక్షణ ఇచ్చారు. విదేశీ సరుకు ఆగిపోవడంతో స్థానిక పరిశ్రమలకు దారి దొరికింది. 1942లో ఆల్విన్, 1943లో కవాడిగూడలో ప్రాగా టూల్స్ మొదలయ్యాయి. ఈ రెండు కంపెనీల జీతాల మీద తర్వాతి తరాల్లో ఎన్నో ఇళ్లు నడిచాయి. ఇది యుద్ధం ఖాతాలో జమ వైపు రాయాల్సిన విషయమే.

నోట్లు పెరిగాయి, సరుకు తగ్గింది

నేను కామర్స్ చదివినవాణ్ని కాబట్టి ఈ భాగం కాస్త వివరంగా చెబుతాను. ఇండియా బయట జరిగే యుద్ధానికి ఇక్కడ కొన్న సరుకు, వాడిన సైన్యం ఖర్చులో పెద్ద భాగం బ్రిటన్ భరించాలని ఒప్పందం. కానీ బ్రిటన్ అప్పుడే డబ్బు ఇవ్వలేదు. లండన్‌లో ఇండియా ఖాతాలో బాకీగా రాసుకుంది. ఆ బాకీ పత్రాలను చూపించి రిజర్వ్ బ్యాంక్ ఇక్కడ నోట్లు ముద్రించింది. యుద్ధం పూర్తయ్యేసరికి చలామణిలో ఉన్న నోట్లు సుమారు ఆరు రెట్లయ్యాయి. బ్రిటన్ బాకీ సుమారు 1,700 కోట్ల రూపాయలకు చేరింది.

నోట్లు ఆరు రెట్లయితే సరుకు ఆరు రెట్లు కాదు కదా. పైగా బర్మా బియ్యం ఆగిపోయింది. ధరలు మండిపోయాయి. హైదరాబాద్‌కు సొంత నాణెం, ఉస్మానియా సిక్కా ఉంది. కానీ 100 కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల సిక్కా అనే లెక్కతో అది బ్రిటిష్ రూపాయికి ముడిపడి ఉండటంతో అక్కడి మంట ఇక్కడా అంటుకుంది. నెల జీతం మీద బతికే రైల్వే కార్మికుడు, కూలీ, చిన్న గుమస్తా ముందుగా దెబ్బతిన్నారు. బెంగాల్‌లో 1943 కరువుకు 20 నుంచి 30 లక్షల మంది బలయ్యారని అంచనా.

లెవీ గల్లా

పట్నాలకు, సైన్యానికి ధాన్యం కావాలి. అందుకని హైదరాబాద్ హుకూమత్ రైతుల దగ్గర లెవీ వసూలు మొదలుపెట్టింది. పండిన దాంట్లో ఇంత భాగం, సర్కారు చెప్పిన ధరకు ఇచ్చి తీరాలి. ఆ ధర బజారు ధరకన్నా తక్కువ.

కాగితం మీద ఇది అందరికీ ఒకటే రూలు. ఊళ్లో అమలు చేసేది మాత్రం పటేల్, పట్వారీ, వాళ్ల వెనక దేశ్‌ముఖ్. దొర గల్లా లెక్కలోకి రాలేదు, చీకటి బజారుకు పోయింది. చిన్న రైతు తిండిగింజలు, విత్తనాలు కూడా ఊడ్చుకుపోయారు. అప్పటికే వెట్టితో నలిగిపోతున్న పల్లెకు ఇది తట్టుకోలేని బరువైంది. ఆంధ్ర మహాసభ లెవీకి, వెట్టికి వ్యతిరేకంగా ఊరూరా సంఘాలు పెట్టింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయారు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడి నుంచి రగిలింది. అదే ఏడాది హైదరాబాద్‌లో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ లాంటి నాయకులతో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది.

లెవీ ఒక్కటే పోరాటానికి కారణం కాదు. భూమి, వెట్టి, దొరతనం ఎప్పటి నుంచో ఉన్నాయి. యుద్ధం వాటి మీద ఇంకో మూట పెట్టింది.

యుద్ధం తర్వాత

జర్మనీ 1945 మేలో లొంగిపోయింది. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాక జపాన్ కూడా లొంగిపోయింది. ప్రపంచవ్యాప్తంగా చనిపోయినవాళ్లు 6 కోట్లకు పైనే అని అంచనా. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపేశారు. స్వచ్ఛందంగా చేరిన 25 లక్షల మంది భారత సైనికుల్లో సుమారు 87 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. అక్టోబర్ 24న ఐక్యరాజ్యసమితి ఏర్పడింది.

హైదరాబాద్‌కు 1945లో సికింద్రాబాద్‌లోని పౌర ప్రాంతాల పాలన తిరిగి దక్కింది. కానీ అప్పుల్లో కూరుకుపోయిన బ్రిటన్ ఇక ఇండియాను పట్టి ఉంచలేకపోయింది. 1947లో వెళ్లిపోయేటప్పుడు 'నమ్మకమైన మిత్రుడి'కి ఇచ్చిన పాత హామీలను పక్కన పెట్టింది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాతి హింసలో కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది మామూలు ముస్లింలు. బిరుదులతో, విమానాలతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు.

లెక్క చూస్తే

విమానాల మీద, ఓడ మీద హైదరాబాద్ పేరు రాసినవాళ్లు కృతజ్ఞత చూపించారు, దాని రికార్డు భద్రంగా ఉంది. లెవీలో గల్లా ఇచ్చిన రైతు పేరు, మలయా నుంచి రాని సిపాయి ఇంటి పేరు ఏ చిహ్నం మీదా లేవు. మీ ఇంట్లో పాత సైనిక పెన్షన్ పుస్తకం, పతకం, లెవీ రసీదు, సిక్కా నోటు ఏదైనా ఉంటే చిత్తు కాగితాల్లో పారేయకండి. తాతయ్యలు, నానీలు, దాదీలు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, ఊరు రాసి పెట్టండి. ఈ యుద్ధంలో మనవాళ్ల వైపు లెక్క రాయడానికి మిగిలిన కాగితాలు అవే.