జీడి ఫెన్నీనా, కొబ్బరి ఫెన్నీనా? గోవా వాళ్ల ఇంటి గొడవ

మన ఊళ్లలో తాటికల్లు గొప్పా, ఈతకల్లు గొప్పా అని పెద్దవాళ్లు వాదించుకుంటారు కదా. గోవాలో కూడా అచ్చం ఇలాంటి గొడవే ఉంది. ఉత్తరాన బార్దేజ్ వైపు ఎక్కువమంది జీడిమామిడి ఫెన్నీ అంటారు. దక్షిణాన సాష్టీ వాళ్లు, కొబ్బరి కల్లు నుంచి కాచిందే అసలు ఫెన్నీ అంటారు.

చరిత్ర చూస్తే నాకు సాష్టీ వాళ్ల మాటే బలంగా అనిపిస్తుంది. కొబ్బరి పాతకాలం నుంచీ అక్కడి చెట్టు. జీడిమామిడిని పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చారు. మన పలాస జీడిపప్పు కథ మొదలైంది కూడా ఆ ఓడల్లోనే! కానీ బార్దేజ్ వాళ్లు ఊరుకుంటారా? 2009లో జీఐ ట్యాగ్ వచ్చింది మాకే అంటారు. నిజమే, అది జీడి ఫెన్నీకే వచ్చింది.

తయారీ చూడండి. ఎండాకాలంలో రాలిన పండ్లు ఏరి, తొక్కి రసం తీసి, పులియబెట్టి బట్టీ పెడతారు. మొదటిసారి కాస్తే వచ్చేది ఉర్రాక్. మళ్లీ కాస్తే ఫెన్నీ.

ఇక పాటల దగ్గరికొద్దాం. మడ్‌గావ్‌కి చెందిన క్రిస్ పెర్రీ ట్యూన్ కట్టి, లోర్నా పాడిన 'బెబ్దో' అనే పాట ఉంది. బెబ్దో అంటే తాగుబోతు. ఫెన్నీ ఏదైనా ఈ పాట మాత్రం అందరిదీ. ఆ లోర్నా ఇరవై ఏళ్లకు పైగా పాడటం మానేసి, 1995లో మళ్లీ స్టేజ్ ఎక్కింది. వీళ్ల జీవితాల ప్రేరణతోనే 'నాచోం-యా కుంపాసార్' సినిమా వచ్చింది.

అయితే ఒకప్పుడు ఈ భాషే ప్రమాదంలో పడింది. గోవాని మహారాష్ట్రలో కలపాలా వద్దా అని 1967 జనవరి 16న జనాన్నే అడిగారు. కొంకణి వేరే భాష కాదు, మరాఠీ యాసే అని విలీనం కోరినవాళ్లు వాదించారు. అప్పుడు ఉల్హాస్ బుయావ్ లాంటి గాయకులు కొంకణి పాటలతో జనంలోకి వెళ్లారు. విలీనం వద్దని 1,72,191 ఓట్లు, కావాలని 1,38,170 ఓట్లు. తేడా 34,021 మాత్రమే! 1987లో గోవా రాష్ట్రమైంది. 1992లో కొంకణి ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది.

ఆ రోజు ఓట్లు అటు పడి ఉంటే, ఈ ఫెన్నీ గొడవ ఇప్పుడు ఏ భాషలో జరిగేదో! అందుకే నాకు ఆ గొడవంటే ఇష్టం. నేనేమీ తాగమని చెప్పట్లేదు. పాట మాత్రం ఒకసారి వినండి. మళ్లీ కలుద్దాం.